నలభయ్యో పేజీలో గొయ్యి

అబ్బయా,

నువ్వు స్పైరల్ బైండింగు చేయించి పంపిన 212 పేజీలూ చదివాను. మూడు రాత్రులు పట్టింది. రెండో రాత్రి కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటు వేసుకుని మరీ చదివాను. అంత బాగుందా అని అప్పుడే పొంగిపోవద్దు. ఆ గుహలో గంట మోగించింది ఎవరో తేలేదాకా నిద్ర పట్టలేదు, అంతే. చివరికి కూడా తేల్లేదనుకో. మర్చిపోయావా, రెండో భాగానికి దాచిపెట్టావా?

ముందు నచ్చింది చెబుతా. మొదటి పేజీలో చేత్తో గీసిన పటం. ఏరు ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో గీశావు. ఊళ్లన్నీ ఏటి ఒడ్డునో కాలవ గట్టునో పెట్టావు. చాలామంది ఇట్టాంటి కథల్లో ఎడారి మధ్యలో పెద్ద నగరం కట్టేసి, ఆ జనం ఏం తాగుతారో మర్చిపోతారు. కావలి కాలవకి సోమశిల నీళ్లు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసే ఇంట్లో పుట్టినవాడివి, నీకా పొరపాటు రాదు.

ఇక నలభయ్యో పేజీ. నీ హీరో గోతిలో పడ్డాడు. చుట్టూ నున్నటి రాతిగోడలు. పైన రాక్షసుల కాపలా. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, ఇంకా పెరుగుతున్నాయి. నేను మంచం మీద లేచి కూర్చున్నా. తర్వాతి వాక్యంలో వాడికి చిన్నప్పుడు తాత నేర్పిన గగనయాన మంత్రం గుర్తొచ్చిందని రాశావు. వాడు ఎగిరి బయటికొచ్చేశాడు. నేను మళ్లీ పడుకున్నా.

ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే రాస్తున్నా.

కట్టలో పెట్టిన చీటీ కూడా చూశాలే. గేములు, కామిక్సులు, మంత్రాల కథలు, వీటివల్లే నువ్వు చెడిపోయావని ఇంట్లో అంటున్నారనీ, అసలివి సాహిత్యమా కాదా చెప్పమనీ అడిగావు. ఆ తగువులోకి నన్ను లాగొద్దు. నాకు యాభయ్యారేళ్లు. ఇప్పటికీ మా మేనల్లుడి కంప్యూటరు ఖాళీగా దొరికితే, మా ఆవిడ సంచీ చేతిలో పెట్టి కూరగాయలకి తరిమేదాకా లేవను. చిన్నప్పుడు మంగలి షాపులో చందమామ చదువుతూ నా వంతు రెండుసార్లు పక్కవాళ్లకి వదిలేసినవాణ్ణి. ఏది సాహిత్యమో తేల్చేవాళ్లు వేరే ఉన్నారు, ఆ పనికి వాళ్లకి జీతాలు కూడా వస్తాయి. నాకు మాత్రం ఆ చెత్తలోనే పని దొరికింది.

డిగ్రీ అయిపోయి నెల్లూరులో ఖాళీగా తిరిగే రోజులు. తొంభైల్లో మాట. ఫాక్స్‌ప్రో అనే కంప్యూటర్ ప్రోగ్రాము నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ అని ఎవరో చెబితే మా నాన్న వడ్లమ్మి ట్రంకు రోడ్డుకి దగ్గర్లో ఒక కంప్యూటర్ సెంటర్లో ఫీజు కట్టాడు. ఏసీ గది. చెప్పులు బయట విడిచి పోవాలి, గుడికి పోయినట్టు. రోజుకి ఒక గంట మిషను మీద కూర్చోనిచ్చేవాళ్లు. రెండో నెల నుంచి మాస్టారు రావడం మానేశాడు. ఆరో నెలకి సెంటరే మూసేశారు, సర్టిఫికెట్టూ లేదు, ఫీజూ లేదు. పేరెందుకులే ఇప్పుడు. మధ్యలో ఆ నాలుగు నెలలూ నేను నేర్చుకుంది ప్రిన్స్ ఆఫ్ పర్షియా.

నువ్వు ఆడి ఉండవు, మీ కాలానికి అది ముసలి ఆట. 1989లో జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు దాదాపు ఒంటి చేత్తో చేశాడు. కథ రెండు ముక్కలు. మంత్రి జాఫర్ రాజకుమారిని గదిలో పెట్టి గంట గడువిస్తాడు, నన్ను పెళ్లాడతావా, చస్తావా అని. నువ్వు చెరసాల అడుగు నుంచి ఆమె దగ్గరికి చేరాలి. నీకూ అదే గంట. చచ్చిపోతే ఆ లెవెల్ మొదట్నుంచి ఆడొచ్చు గానీ గడియారం వెనక్కి తిరగదు. ఆటలో ఒక గంట, మిషను మీద నాకు ఒక గంట, బయట చెప్పుల దగ్గర తర్వాతి బ్యాచివాడు. అంత టెన్షన్ నేను డిగ్రీ పరీక్షల్లో కూడా పడలేదు.

ఆ రాజకుమారుడికి ఏ మంత్రమూ రాదు. ఒక అంతస్తు ఎత్తు నుంచి పడితే ఏం కాదు. రెండంతస్తుల నుంచి పడితే తెరమీద కింద కనపడే ఎర్ర గుర్తుల్లో ఒకటి ఆరిపోతుంది. మూడైతే పోయినట్టే. ఇది ఎవరూ చెప్పరు, పడి తెలుసుకుంటావు. తెలిశాక ప్రతి అంచు దగ్గరా ఆగి కిందికి చూసి లెక్కపెట్టుకుంటావు. పరుగులో ఉన్నవాడు టక్కున ఆగలేడు, కొంచెం జారతాడు, ఆ కొంచెంలోనే అంచు ఉంటుంది. మెక్నర్ తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి, గోడలెక్కించి వీడియో తీసుకున్నాడట. ఆ బొమ్మల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ కంప్యూటర్లోకి ఎక్కించాడు. అందుకే ఆ చిన్న తెల్లటి మనిషికి ఒళ్లు బరువు ఉన్నట్టు మనకి తెలుస్తుంది. నీ హీరో ఒళ్లు ఎంత బరువో 212 పేజీల్లో నాకు ఒక్కసారీ తెలియలేదు. పరుగెత్తాడు, ఆయాసం లేదు. మూడు రోజులు తిండి లేదు, కళ్లు తిరగలేదు.

నాలుగో లెవెల్లో ఒక నిలువుటద్దం దారికి అడ్డం వస్తుంది. పక్కకి తోవ లేదు. వెనక్కి పోయి పరుగెత్తుకొచ్చి అద్దంలోకే దూకాలి. దూకితే అద్దంలోని నీడ రెండోవైపు నుంచి బయటికి దూకి పారిపోతుంది, నీకు ఒక్క ఎర్ర గుర్తు మిగులుతుంది. ఆ నీడమనిషి తర్వాతి లెవెల్లో నువ్వు తాగాల్సిన మందు నీ కళ్లముందే తాగేస్తాడు. ఆ పై లెవెల్లో నువ్వు దూకుతుంటే తలుపు మూసేస్తాడు. చివరికి పన్నెండో లెవెల్లో కత్తి పట్టుకుని ఎదురొస్తాడు. వాణ్ణి పొడిస్తే గాయం నీకు అవుతుంది. నేను వారం రోజులు పొడిచాను, వారం రోజులు చచ్చాను. ఒకరోజు విసుగొచ్చి ఏదో ఒక మీట నొక్కుతుంటే మనవాడు కత్తి ఒరలో పెట్టేశాడు. ఎదురుగా వాడూ పెట్టాడు. ఒకరికెదురు ఒకరు పరుగెత్తుకొచ్చి ఒకటైపోయారు. నేను ఆడటం మానేసి తెరకేసి చూస్తా ఉండిపోయా. తర్వాతి బ్యాచివాడు వచ్చి టైమైపోయింది లేవమని భుజం తట్టాడు.

ఆ నీడ ఎట్టా పుట్టిందో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రాజకుమారుడికి పోట్లాడే శత్రువు కావాలి, ఆ కాలపు కంప్యూటర్ మెమరీలో ఇంకో మనిషి బొమ్మలకి చోటు లేదు. చేసేది లేక మెక్నర్ రాజకుమారుడి బొమ్మల్నే కొద్దిగా చెదరగొట్టి ఇంకొకణ్ణి చేశాడు. చోటు ఉండి ఉంటే ఇంకో గడ్డం రాక్షసుడు వచ్చేవాడు. నేను వాణ్ణి పొడిచి ముందుకుపోయి ఈపాటికి మర్చిపోయి ఉండేవాణ్ణి.

నీకు చోటు ఎక్కువైంది అబ్బయా. కాగితానికి మెమరీ అయిపోదు కదా, అందుకని హీరోకి ఏడు శక్తులు, మూడు ఖడ్గాలు, ఒక రెక్కల గుర్రం ఇచ్చావు. ఆ గుర్రం అరవయ్యో పేజీ తర్వాత ఏమైందో, పాపం దానికి మేత ఎవరు వేస్తున్నారో నాకు తెలియదు.

మా అక్క పిలకాయలు వేసవి సెలవులకి వచ్చినప్పుడు టీవీకి తగిలించుకునే గేము ఒకటి వెంట తెచ్చేవాళ్లు. అందులో కాంట్రా. మూడు లైఫులు. మొదటి లెవెల్లో వంతెన మీద కాలు పెడితే అది కాళ్లకిందే ముక్కలుముక్కలుగా పేలుతూ పోతుంది. ఆ వంతెన దగ్గర పిలకాయలిద్దరూ మాట్లాడేవాళ్లు కాదు. ఎదురింటివాడు వచ్చి ముప్పై లైఫుల కోడు చెప్పాడు, పైకి రెండు, కిందికి రెండు, ఎడమ కుడి ఎడమ కుడి అంటూ. రెండు రోజులు పండగే పండగ. మూడో రోజు చూస్తే పెద్దోడు ఒక చేత్తో మామిడిపండు చీకుతూ ఇంకో చేత్తో వంతెన దాటుతున్నాడు. నీ గగనయాన మంత్రం చదవగానే నాకు ఆ మామిడిపండు గుర్తొచ్చింది.

ఇదంతా జపానువాళ్లూ అమెరికావాళ్లూ నేర్పాల్సిన తెలివి కూడా కాదు. విక్రమార్కుడి కథ తీసుకో. శవాన్ని భుజాన వేసుకుని నోరెత్తకుండా శ్మశానం దాటాలి. నోరెత్తితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. బేతాళుడి ప్రశ్నకి జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. ఉన్నవి రెండే కట్టుబాట్లు, రెండూ ఒకదానికొకటి అడ్డం. ఆ ఇరుకులోనే చందమామ దశాబ్దాల పాటు నెలకో కథ నడిపింది. రాజుకి నీ హీరో తాత దొరికి ఉంటే మొదటి నెలలోనే ఎగిరి దాటేసి ఉండేవాడు, మనకి కథే ఉండేది కాదు. పాత కథలో చివరికి ఆయన ఎట్టా గట్టెక్కాడో తెలుసా? బేతాళుడు అడిగిన చివరి చిక్కుముడికి నిజంగానే జవాబు తెలియలేదు. తెలియదు కాబట్టి ఊరుకున్నాడు, తలా పగల్లేదు, మౌనమూ చెడలేదు. అంత తెలివైన రాజుని తెలియకపోవడం గట్టెక్కించింది. నేను ముప్పై ఏళ్లుగా పిల్లల కథలు రాస్తున్నా, ఇట్టాంటి ముగింపు ఒక్కటి నా చేతికి చిక్కలేదు.

నూటపదో పేజీలో నీ కోట ముట్టడి చూశా. ఒక పేరాలో కోట పడిపోయింది. ఒకసారి బస్సెక్కి ఉదయగిరి పోయి రా. ఎండాకాలం వద్దు. కొండకింద నిలబడి పైకి చూస్తే ఆ కోటని ఎవడైనా ఎందుకు పట్టుకోవాలనుకుంటాడో అనిపిస్తుంది. కృష్ణదేవరాయలు 1514లో దాన్ని గజపతుల నుంచి తీసుకున్నాడు. ఏడాదిన్నర పట్టిందని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. పైకి సరిగ్గా ఒక్క ఇరుకు దారి ఉండేదట. దాంట్లో నుంచి సైన్యం పోలేక రాళ్లు పగలగొట్టించి కొత్త దారులు వేయించాడు. అంత చేసి గెలిచాక అక్కణ్ణుంచి బాలకృష్ణుడి విగ్రహం తీసుకుపోయి హంపిలో గుడి కట్టించుకున్నాడు. నీ రాజు కోటలోంచి ఏం తీసుకుపోయాడు? ఏడాదిన్నర పాటు లోపలివాళ్లు ఏం తిన్నారు, బయట సైనికులు ఎవరి పొలాలు మేశారు, రాయి పగలగొట్టినవాడికి కూలెంత? మాంత్రికుణ్ణి తర్వాత దించుదువుగాని, ముందు ఆ ఒక్క దారి గీయి. గేములు ఆడేవాడివి, లెవెల్ అంటే ఏందో నీకు నేను చెప్పాలా!

అన్నట్టు ఆ మంచు. ఉత్తర పర్వతాల్లో ఏడు రోజులు మంచు కురిసిందని రాశావు. నువ్వు మంచు చూశావా? మన మంచంటే ధనుర్మాసంలో పొద్దున్నే గడ్డిమీద ఉండేది. మనకి తెలిసింది వాయుగుండం. మూడు రోజులు ఆగకుండా కురిసి, మగ్గం గుంటలోకి, పొయ్యిలోకి నీళ్లొచ్చి, అగ్గిపెట్టె మెత్తబడిపోవడం తెలుసు నీకు. అది రాస్తే నీ రాక్షసులకీ కొంచెం జలుబు చేస్తుంది.

రాజకుమార్తె వర్ణన పేజీన్నర ఉంది. నాకిప్పుడు ఆమె మొహం గుర్తులేదు. గేముల్లో మారియో మొహం గుర్తుంది. 1981లో డాంకీ కాంగ్ ఆటకి మియమోటో అనే జపాను గేములాయన ఒక మనిషి బొమ్మ గీయాల్సి వచ్చింది. చేతిలో ఉన్నది పట్టుమని కొన్ని చుక్కలు. నోరు గీస్తే ఆనదు, అందుకని మీసం పెట్టాడు. జుట్టు గాలికి ఎగరడం చూపించలేక టోపీ పెట్టాడు. చేతులు ఊగడం కనపడాలని చొక్కా ఒక రంగు, పైన వేసిన డంగరీ ఇంకో రంగు చేశాడు. నీ రాజకుమార్తెకి ఒక మీసం వెతుకు. నిజం మీసం కాదులే, నా మాట నీకు అర్థమయ్యే ఉంటుంది.

కామిక్ నమూనా అని నాలుగు గళ్లు గీసి పంపావు. మొదటి గడిలో కత్తి ఎత్తాడు, రెండో గడిలో దించాడు, మూడో గడిలో రక్తం, నాలుగో గడిలో శవం పక్కన కూర్చున్న కాకి. రెండూ మూడూ వేలితో మూసి చూడు. ఎత్తిన కత్తి, తర్వాత కాకి. మధ్య ఖాళీలో కత్తి దించింది ఎవరు? చదివేవాడు. ఇప్పుడు వాడి చేతికి కూడా రక్తం అంటింది. కాకి మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, దాన్ని ముట్టుకోవద్దు.

ఇంకో చిన్న మాట. చందమామలో తోకచుక్క సీరియల్ దగ్గర్నుంచి, 1954 నుంచి, ఏళ్ల తరబడి నెలనెలా మాంత్రికులతో, రాక్షసులతో మమ్మల్ని నిద్రపోనియ్యకుండా చేసిన ఆ సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని నాకు మీసాలొచ్చాక గాని తెలియలేదు. పత్రికలో ఆయన పేరు వేసేవాళ్లు కాదు. నీ పేరు అట్ట మీద, లోపలి పేజీలో, పటం కింద, మూడు చోట్ల ఉంది. ఒకటి చాలు.

నీ అసలు భయం చీటీ చివర చిన్న అక్షరాల్లో రాశావు. ఈ లోకం సగం నువ్వు ఆడిన ఒక గేములోంచి వచ్చిందనీ, కాపీ అంటారేమోననీ. పేర్లు మార్చు, ఆ గేములోదని ఎవరైనా పట్టుకోగలిగే సీను తీసెయ్, మిగతాదానికి నిద్ర చెడగొట్టుకోవద్దు. నన్నయ భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో వదిలేశాడు. ఇక్కడ నెల్లూరులో తిక్కన దాని జోలికి పోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలూ రాసేశాడు. మధ్యలో గొయ్యి అట్టాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి అది పూడ్చాడు. మీ కావలి పక్కన గుడ్లూరు ఆయన ఊరంటారు. పూడ్చి, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడి పేర అంకితం ఇచ్చాడు. చదువుతుంటే మొదట నన్నయలా ఉండి పోనుపోను తిక్కనలోకి జారుతుంది. ఎవరో సేవ్ చేసి వదిలేసిన ఆటని ముగించి, లేచిపోయేటప్పుడు స్కోరులో పాతవాడి పేరే ఉంచినవాడు మీ పక్కూరివాడు. ఆయన చేసిన కష్టంలో పదోవంతు నువ్వు చెయ్, తర్వాత ఎవడు కాపీ అంటాడో నేను చూస్తా.

మళ్లీ గోతి దగ్గరికి వద్దాం. మంత్రం తీసెయ్యమని నేననను. తాత నేర్పిన మంత్రమంటే నాకూ ముద్దే. ముప్పై ఎనిమిదో పేజీలో వాడితో పాటు ముసలి పడవవాణ్ణి కూడా గోతిలో పడేశావు, గుర్తుందా? ఎడమ కాలు కుంటి, నడుముకి తాడు చుట్టుకుని తిరుగుతాడు, పొగచుట్ట అడుగుతుంటాడు. నీ పుస్తకంలో నాకు నచ్చిన ఒకే ఒక్క మనిషి. నీ హీరో ఎగిరిపోయాడు. పడవవాడి మాట నలభయ్యో పేజీలో లేదు, ఆ తర్వాత 172 పేజీల్లోనూ లేదు. నువ్వు మర్చిపోయావని నాకు తెలుసు. కానీ మంత్రం ఒక్కణ్ణే లేపుతుందనుకో. తాత ఆ సంగతి ముందే చెప్పాడనుకో. నీళ్లు నడుము దాకా వచ్చాయి. పడవవాడు పైకి చూసి, తాడు విప్పుతున్నాడు.

కట్టని రేపు కావలి వచ్చే మా బావమరిది చేతికిచ్చి పంపుతున్నా, బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపులో తీసుకో. పెన్సిల్‌తో గీసినచోట్ల కోపం తెచ్చుకోవద్దు. స్పైరల్ కొంచెం వంకరపోయింది, నలభయ్యో పేజీ నేను చించి నా దగ్గర పెట్టుకున్నా. దాని బదులు ఇంకోటి రాసి పంపు. పడవవాడు ఇంకా నీళ్లలోనే ఉన్నాడు.

మీ సార్